సెల్బోర్న్: ఒక చిన్న ఇంగ్లీషు పల్లె కథ

"మీ ఊరు ఏది?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామంది జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుతాం. బంధువుల పెళ్ళికి చిత్తూరు వైపు పోతే మమ్మల్ని "తమిళనాడోళ్ళు" అంటారు. ఇక్కడ హోసూరు బస్సులో మా మాట వినగానే "ఆంధ్రాలో ఎక్కడ?" అని అడుగుతారు. మా అవ్వను అడిగితే మాత్రం, "మా తాత తవ్వించిన బావి ఇక్కడే ఉంది కదమ్మా, ఇంకెక్కడి ఊరు మనది!" అంటుంది.

ఈ ప్రశ్న నా మనసులో ఉండగానే మా సోషల్ టీచర్ గారు "ఏదైనా ఒక చిన్న ఊరి భౌగోళికం, చరిత్ర" మీద వ్యాసం రాయమన్నారు. దేశం కాదు, రాజ్యం కాదు, ఒక్క ఊరు. నేను ఇంగ్లాండులోని సెల్బోర్న్ అనే పల్లెను ఎంచుకున్నాను. అక్కడ పేరున్న యుద్ధం ఏదీ జరగలేదు. పెద్ద కోట లేదు. అయినా ఆ ఊరి పేరు ప్రపంచమంతా తెలుసు. ఎందుకో చూద్దాం.

పారిష్ అంటే ఏమిటి?

ఇంగ్లాండులో ఒక చర్చి కిందికి వచ్చే ఊరును, దాని పొలాలను, అడవిని, చుట్టుపక్కల ఉన్న చిన్న చిన్న పల్లెలను కలిపి పారిష్ అంటారు. పారిష్ అంటే ఆదివారం ప్రార్థన ఒక్కటే కాదు. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో ప్రతి పారిష్‌లోనూ ఒక రిజిస్టరు పెట్టాలని ఆజ్ఞ వచ్చింది. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు అందులో రాయాలి. 1601 నాటి బీదల చట్టం ప్రకారం పారిష్‌లోని బీదలను పోషించే బాధ్యత కూడా ఆ పారిష్‌దే. అందుకోసం భూమి, ఇల్లు ఉన్నవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేసేవాళ్ళు. అంటే మన లెక్కన గుడి, పంచాయతీ ఆఫీసు, రేషన్ కార్డు మూడూ కలిస్తే ఎలా ఉంటుందో పారిష్ అలా ఉండేదన్నమాట. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, వ్యాసం చివరలో మళ్ళీ పనికొస్తుంది.

నేల, నీళ్ళు, చెట్లు

సెల్బోర్న్ దక్షిణ ఇంగ్లాండులోని హాంప్‌షైర్ జిల్లాలో, తూర్పు కొసన, ససెక్స్ సరిహద్దుకు దగ్గరగా ఉంది. లండన్ నుంచి నైరుతి దిక్కుగా సుమారు 50 మైళ్ళు. ఒకవైపు ఆల్టన్, మరోవైపు పీటర్స్‌ఫీల్డ్ అనే పట్నాలు.

ఊరికి నైరుతిగా ఒక పెద్ద సుద్దకొండ ఉంది. మనం బోర్డు మీద రాసే సుద్ద లాంటి తెల్లటి రాయే కొండంతా. ఊరి మీది నుంచి అది దాదాపు 300 అడుగులు లేస్తుంది. దాని ఏటవాలు నిండా బీచ్ చెట్ల అడవి. కొండకు వేలాడుతున్నట్టు ఉంటుంది కాబట్టి దాన్ని హ్యాంగర్ అంటారు. కొండ అడుగున ఒకే ఒక వీధి, పొడవు ముప్పావు మైలు. ఊరంటే అదే.

ఈ ఊళ్ళో నేల ఎంత తొందరగా మారిపోతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కొండ మీద సుద్ద. దాని కింద గోధుమకు పనికొచ్చే గట్టి బంకమన్ను. వీధికి ఈవలకు వస్తే తెల్లరాతి నేల. ఇంకొంచెం ముందుకు పోతే నల్లటి సారమైన మన్ను. చివరకు వుల్మర్ అనే చోట ఉత్త ఇసుక. అక్కడ పొదలు తప్ప పంట రాదు. ఇలా నేలలు రకరకాలుగా ఉండడం వల్లనే చెట్లు, పురుగులు, పక్షులు కూడా రకరకాలుగా ఉన్నాయి.

నీళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది. ఊరి పక్కన నోర్ హిల్ అనే సుద్దగుట్ట ఉంది. దాని నుంచి రెండు వాగులు పుడతాయి. ఒకటి దక్షిణానికి పోయి ఆరన్ నదిలో కలిసి ఇంగ్లీష్ ఛానల్‌లో పడుతుంది. రెండోది ఉత్తరంగా పోయి వే నదిలో, అక్కడి నుంచి థేమ్స్‌లో కలిసి, లండన్ మీదుగా ఉత్తర సముద్రం చేరుతుంది. ఒక్క గుట్ట మీద పడిన వాన రెండు సముద్రాలకు పోతుంది! ఊరి బావుల లోతు సగటున 63 అడుగులు. నీళ్ళు తేటగా, రుచిగా ఉంటాయి కానీ సబ్బు నురగ రాదు. సుద్దరాతి గుండా వచ్చిన నీళ్ళు కాబట్టి గట్టినీళ్ళు. కెమిస్ట్రీలో చదువుకున్న పాఠం ఇక్కడ కనబడుతుంది.

ఊరి నుంచి ఆల్టన్‌కు పోయే పాత బాట పొలాల కన్నా లోతున ఉండేది. వందల ఏండ్లు బండ్ల చక్రాలు, వాననీళ్ళు కోసీ కోసీ కొన్నిచోట్ల 16, 18 అడుగుల లోతుకు దిగిపోయింది. పక్కన చెట్ల వేర్లు గోడలకు వేలాడుతూ కనబడేవి. ఆ బాటలో పోవాలంటే జనం జంకేవాళ్ళు.

పాత చరిత్ర

1086లో ఇంగ్లాండు రాజు విలియం తన రాజ్యంలోని ఊళ్ళన్నిటి లెక్క రాయించాడు. దాన్ని డూమ్స్‌డే పుస్తకం అంటారు. సెల్బోర్న్ పేరు అందులో ఉంది. అప్పటికే అక్కడ చర్చి ఉంది. 1233లో వించెస్టర్ బిషప్ పీటర్ డి రోష్ ఊరి దగ్గర ఒక మఠం కట్టించాడు. రెండున్నర శతాబ్దాలు గడిచేసరికి మఠం అప్పుల్లో పడి, సన్యాసులు లేక పాడుబడింది. 1486లో దాన్ని మూసేసి, ఆస్తులు ఆక్స్‌ఫర్డ్‌లోని మాడ్లిన్ కాలేజీకి ఇచ్చారు. అప్పటి నుంచి సెల్బోర్న్ చర్చికి వికార్, అంటే పెద్ద పాస్టర్, ఎవరో ఆ కాలేజీయే నిర్ణయించేది.

చర్చి ముందు ప్లెస్టర్ అనే ఖాళీ స్థలం ఉంది. మన రచ్చబండ లాంటిది. దాని మధ్యలో ఒక పెద్ద ఓక్ చెట్టు, చెట్టు చుట్టూ రాతి మెట్లు, కూర్చోవడానికి అరుగులు ఉండేవి. సాయంత్రం ముసలివాళ్ళు కూర్చుని ముచ్చట్లాడితే పిల్లలు, పడుచువాళ్ళు వాళ్ళ ముందు ఆడేవాళ్ళు. 1703లో వచ్చిన పెనుగాలికి ఆ చెట్టు కూలిపోయింది. అప్పటి వికార్ సొంత డబ్బు పెట్టి దాన్ని మళ్ళీ నిలబెట్టించాడు కానీ చెట్టు బతకలేదు.

ఊరిని చూసిన మనిషి

గిల్బర్ట్ వైట్ 1720 జూలై 18న సెల్బోర్న్‌లో పుట్టాడు. ఆయన తాత ఆ ఊరి వికార్. మనవడికి తాత పేరే పెట్టారు. ఆ తాత బీదపిల్లలకు చదువు చెప్పడానికి వీలునామాలో డబ్బు రాసి పోయాడు. మనవడు ఆక్స్‌ఫర్డ్‌లో ఓరియల్ కాలేజీలో చదివి పాస్టర్ అయ్యాడు. కానీ సెల్బోర్న్ వికార్ పదవి మాడ్లిన్ కాలేజీ వాళ్ళకే దక్కుతుంది కాబట్టి సొంత ఊళ్ళో ఆయన ఎప్పటికీ వికార్ కాలేకపోయాడు. వేరే చోట పెద్ద పదవి కోసం ఊరు వదలకుండా, అక్కడే క్యూరేట్‌గా, అంటే సహాయ పాస్టర్‌గా పనిచేశాడు. పెళ్ళి చేసుకోలేదు. 'ది వేక్స్' అనే ఇంట్లో ఉంటూ, తోట వేసుకుంటూ, రోజూ చూసినది రాసుకున్నాడు. కొండ ఎక్కడానికి 1753లో తమ్ముడు జాన్‌తో కలిసి వంకరటింకరగా ఒక బాట వేయించాడు. దాని పేరు జిగ్‌జాగ్. ఇప్పటికీ జనం ఆ బాటలోనే కొండ ఎక్కుతారు.

థామస్ పెన్నెంట్, డేన్స్ బారింగ్టన్ అనే ఇద్దరు పండితులకు ఆయన తన ఊరి సంగతులు ఉత్తరాలుగా రాశాడు. ఆ ఉత్తరాలే 1789లో 'సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర' పుస్తకంగా అచ్చయ్యాయి. ఫ్రాన్సులో విప్లవం వచ్చిన ఏడాది కూడా అదే. పెద్ద సంగతులు ఎన్ని జరిగినా ఈ చిన్న ఊరి పుస్తకాన్ని జనం ఈరోజు దాకా చదువుతూనే ఉన్నారు. చార్లెస్ డార్విన్ చిన్నప్పుడు ఈ పుస్తకం చదివే పక్షులను గమనించడం మొదలుపెట్టాడు.

వైట్ ఏం చూశాడు? అందరూ ఒకటే అనుకునే మూడు చిన్న పిట్టలను వాటి కూతను బట్టి వేరు వేరు జాతులని తేల్చాడు. గోధుమ కంకుల మధ్య గూడు కట్టుకునే చిట్టెలుకను ఆ దేశంలో మొదట వివరించింది ఆయనే. ఊళ్ళో స్విఫ్ట్ పక్షుల జంటలు ఏటా ఎనిమిదే ఎందుకుంటున్నాయి, పుట్టిన పిల్లలన్నీ ఏమవుతున్నాయి అని అడిగాడు. అందరూ అసహ్యించుకునే వానపాములు లేకపోతే నేల గట్టిపడి, సారం లేకుండా పోతుందని 1777లోనే రాశాడు. మనం సైన్సులో "రైతు నేస్తం" అని చదువుకునే పాఠం అది.

ఆయన దగ్గర టిమోతి అనే తాబేలు ఉండేది. చనిపోయిన మేనత్త దగ్గర నుంచి 1780లో తెచ్చుకున్నాడు. అది ఎప్పుడు మట్టిలో దూరుతుంది, ఎప్పుడు బయటికి వస్తుంది, ఏం తింటుంది అన్నీ రాశాడు. అది మగది అనుకుని టిమోతి అన్నారు. చనిపోయాక పరీక్షిస్తే ఆడది అని తేలింది! దాని డిప్ప లండన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఆయనకు తెలియనివీ ఉన్నాయి. చలికాలంలో వానకోవెలలు ఏమవుతాయన్నది ఆయనకు చివరిదాకా తెగని ప్రశ్న. కొన్ని దూరదేశం పోతాయని నమ్మాడు, కొన్ని ఇక్కడే ఎక్కడో దాక్కుంటాయేమో అని అనుమానపడ్డాడు. ఇంగ్లాండులో కాలికి రింగు తొడిగిన వానకోవెల 1912లో దక్షిణాఫ్రికాలో దొరికింది. అప్పుడు గానీ సరైన జవాబు దొరకలేదు. అలాగే 1783 జూన్ 23 నుంచి జూలై 20 దాకా ఊరి మీద ఒక వింత పొగమంచు కమ్మిందని, మధ్యాహ్నం సూర్యుడు కూడా మబ్బుపట్టిన చంద్రుడిలా ఉన్నాడని, నేల మీద తుప్పు రంగు వెలుతురు పడిందని, జనం భయపడ్డారని రాశాడు. ఎందుకో ఆయనకు తెలియదు. ఆ జూన్‌లోనే ఐస్‌లాండ్‌లో లాకి అగ్నిపర్వతం బద్దలైంది. దాని పొగే అది. కారణం తెలియకపోయినా ఆయన తేదీలతో సహా రాసి పెట్టాడు కాబట్టి తర్వాతివాళ్ళకు ఉపయోగపడింది. మనకు అర్థం కానిది కూడా జాగ్రత్తగా రాసి పెట్టాలని నేను ఇక్కడ నేర్చుకున్నాను.

రిజిస్టరులో ఉన్న బతుకులు

వైట్ జనం లెక్క కూడా తీశాడు. 1783 అక్టోబర్ నాటికి పారిష్‌లో 136 కుటుంబాలు, 676 మంది. వీధిలో 313, బయటి పల్లెల్లో 363. చర్చి రిజిస్టరు తిరగేసి 1720 నుంచి 1779 దాకా 60 ఏండ్లలో 980 బాప్తిస్మాలు, 640 సమాధులు అయ్యాయని లెక్కగట్టాడు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన బిడ్డ 40 ఏండ్లు దాటి బతికే అవకాశం సగానికి సగం అని తేల్చాడు. అంటే మా క్లాసులో 40 మంది ఉన్నాం; ఆ ఊళ్ళో ఆ కాలంలో అయితే మాలో 20 మంది నలభై దాటేవాళ్ళు కాదు. ఈ ఒక్క లెక్క చదివాక రిజిస్టరు అంటే వట్టి పేర్ల పట్టిక కాదని నాకు అర్థమైంది.

అక్కడి బీదజనం ఎలా బతికేవాళ్ళు? మగవాళ్ళు పొలం పని, చెట్లు కొట్టే పని చేసేవాళ్ళు. ఆడవాళ్ళు ఎండాకాలం గోధుమ చేలల్లో కలుపు తీసేవాళ్ళు. సెప్టెంబరులో హాప్స్ కోతకు పోయేవాళ్ళు. హాప్స్ అంటే బీరుకు చేదు ఇచ్చే తీగ పంట. పని లేని చలినెలల్లో ఉన్ని వడికే పని ముందు ఉండేది, వైట్ నాటికి అది కూడా పోయింది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది దీపాల లెక్క. 1775లో రాసిన ఉత్తరంలో అది ఉంది. చిత్తడి నేలల్లో తుంగ లాంటి గడ్డి పెరుగుతుంది. ఎండాకాలంలో దాన్ని కోసి, పొట్టు తీసి, లోపలి బెండును ఎండబెట్టి, కరిగిన కొవ్వులో ముంచితే దీపం అవుతుంది. ఒక పౌను ఎండు గడ్డిలో 1600 పుల్లలు. ఒక్కో పుల్ల అరగంట వెలిగినా మొత్తం 800 గంటలు. గడ్డి ఖరీదు 1 షిల్లింగ్, దానికి పట్టే 6 పౌన్ల కొవ్వు 2 షిల్లింగులు. మొత్తం 3 షిల్లింగులు. 3 షిల్లింగులంటే 36 పెన్నీలు, అంటే 144 ఫార్దింగులు. 800ను 144తో భాగిస్తే ఒక్క ఫార్దింగుకు ఐదున్నర గంటల వెలుతురు! కానీ బాగా బీదవాళ్ళు రోజూ సాయంత్రం అరపెన్నీ పెట్టి కొవ్వొత్తి కొనేవాళ్ళట. గాలి కొట్టే ఇళ్ళలో అది రెండు గంటలకే అయిపోయేది. అదే అరపెన్నీకి గడ్డిదీపాలైతే 11 గంటలు వెలిగేవి. వాళ్ళకు పొదుపు తెలియదని వైట్ అభిప్రాయం. పంది పెంచుకునే కూలీ ఇంట్లో తెలివైన ఇల్లాలు మాంసం ఉడికిన కుండలో తేలిన కొవ్వునే తీసి దాచి, ఖర్చు లేకుండా దీపాలు చేసుకుంటుందని కూడా రాశాడు.

లెక్క తప్పు లేదు. నేను రెండుసార్లు చేసి చూశాను. కానీ ఆయన అభిప్రాయం మాత్రం నాకు ఒప్పుదల కాలేదు. మా వీధి అంగడిలో రోజూ పది రూపాయల నూనె పొట్లం కొనేవాళ్ళున్నారు. లీటరు కొంటే చవక అని వాళ్ళకు తెలియదా? తెలుసు. లీటరుకు సరిపడా డబ్బు ఒక్కసారిగా చేతిలో ఉండదు, అంతే. సెల్బోర్న్ కూలీకి కూడా చేతిలో ఉన్నది అరపెన్నీ. 3 షిల్లింగులు కాదు. పంది లేనివాళ్ళ కుండలో కొవ్వు కూడా ఉండదు. పిట్టలను అంత ఓపికగా చూసిన మనిషి ఈ ఒక్క చోట తొందరపడ్డాడని నాకనిపించింది.

నువ్వు ఏ ఊరి మనిషివి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బీదలను పారిష్ పోషించాలి కదా. అయితే ఎవరు ఏ పారిష్ మనిషి? దీనికోసం 1662లో ఒక చట్టం చేశారు. కొత్త పారిష్‌కు వచ్చినవాళ్ళు ఏడాదికి 10 పౌన్ల కన్నా తక్కువ అద్దె ఇంట్లో ఉంటే, 40 రోజుల లోపల ఫిర్యాదు చేసి వాళ్ళను పాత ఊరికి పంపించేయవచ్చు. తండ్రి ఊరే పిల్లల ఊరు. పెళ్ళయితే భర్త ఊరే భార్య ఊరు. విధవరాలైనా, జబ్బుపడినా, తను ఎప్పుడూ చూడని భర్త ఊరికి పోవలసి వచ్చేది. ఇప్పుడు బీదగా లేకపోయినా, ముందు ముందు ఊరికి భారమవుతారేమో అన్న అనుమానం చాలు, పంపడానికి. 1795లో మాత్రమే దీన్ని సడలించి, నిజంగా సాయం అడిగినవాళ్ళనే పంపాలన్నారు. ఒకే దేశం, ఒకే భాష, ఒకే చర్చి. అయినా పదిమైళ్ళ అవతలి మనిషి పరాయివాడు!

వైట్ 1793 జూన్ 26న చనిపోయాడు. ఊరి చర్చి పక్కనే సమాధి. చిన్న రాయి మీద రెండు అక్షరాలు, తేదీ మాత్రమే ఉన్నాయి. ఆ తర్వాత 37 ఏండ్లకు సెల్బోర్న్ మళ్ళీ చరిత్రకెక్కింది, కానీ పిట్టల వల్ల కాదు. అప్పటికి కూలి రేట్లు పడిపోయాయి. చలికాలంలో పని ఇచ్చే కంకుల నూర్పిడిని కొన్ని జిల్లాల్లో యంత్రాలు లాక్కున్నాయి. 1830లో దక్షిణ ఇంగ్లాండంతా కూలీలు తిరగబడ్డారు. నవంబర్ 22న సెల్బోర్న్‌లో జనం గుంపుగా వికార్ ఇంటికి పోయారు. పంటలో ఆయన తీసుకునే దశమభాగం తగ్గించుకోవాలని, ఏడాదికి 300 పౌన్లు చాలని నిలదీశారు. తర్వాత బీదలను ఉంచే వర్క్‌హౌస్ మీద పడి దాన్ని పాడుచేశారు. మరునాడు పక్క ఊరు హెడ్లీలో కూడా అదే జరిగింది. తర్వాత కోర్టు విచారణలు. కొందరిని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు పంపేశారు. "మాది ఈ ఊరు" అని నిలబడి అడిగినందుకు ఊరే లేకుండా చేశారు. పుస్తకంలో ఉన్న ఊరూ, తిరగబడిన ఊరూ ఒకటే. రెండూ తెలిస్తేనే సెల్బోర్న్ చరిత్ర తెలిసినట్టు.

ఈనాటి సెల్బోర్న్

చర్చి ఆవరణలో ఒక యూ చెట్టు ఉండేది. వైట్ కొలిచినప్పుడే దాని చుట్టుకొలత 23 అడుగుల పైన. 1990 జనవరి 25న వచ్చిన తుఫానుకు అది పడిపోయింది. దాని వేర్ల కింద పాతకాలపు ఊరివాళ్ళ ఎముకలు బయటపడ్డాయి. చెట్టును మళ్ళీ నాటారు, బతకలేదు. ప్లెస్టర్ ఓక్ కథే మళ్ళీ జరిగింది. కానీ ఈసారి దాని కొమ్మ నుంచి మొలిపించిన మొక్కను నాటారు. వైట్ పుట్టి 200 ఏండ్లు అయిన 1920లో చర్చికి ఒక రంగుటద్దాల కిటికీ పెట్టారు. అందులో పక్షులకు బోధిస్తున్న సెయింట్ ఫ్రాన్సిస్, చుట్టూ వైట్ రాసిన పక్షులు. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. కొండ, అడవి సౌత్ డౌన్స్ జాతీయ పార్కులో భాగం.

ముగింపు

సెల్బోర్న్ కన్నా అందమైన ఊళ్ళు, పాత ఊళ్ళు ఇంగ్లాండులో ఎన్నో ఉంటాయి. వాటి పేర్లు మనకు తెలియవు. ఈ ఊరి పేరు తెలియడానికి కారణం, ఒక మనిషి అక్కడ ఉండిపోయి, చూసి, రాసి పెట్టాడు. ఆయన రాయనిది కోర్టు కాగితాలు, చర్చి రిజిస్టరు చెప్పాయి.

ఈ వ్యాసం కోసం చదివాక నేను ఒక పని చేశాను. మా అవ్వ చెప్పే బావి దగ్గరికి తాడు తీసుకుని పోయి లోతు కొలిచాను. 41 అడుగులు, నీళ్ళు లేవు. ఎప్పుడు ఎండిందని అడిగితే అవ్వ, "మీ నాయన పెళ్ళి ఏడు నీళ్ళుండె, నువ్వు పుట్టిన ఏడు లేవు" అంది. ఆ మాటను తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎవరైనా ఇకమీదట "మీ ఊరు ఏది?" అంటే ఆగకుండా చెప్తాను. మీరు కూడా మీ ఊరి బావినో, చెట్టునో, అవ్వ మాటనో ఒక్కటి రాసి పెట్టండి.